సంచి పెట్టుకునే చోటు

సాగరమెట్ట మేడలో నేల మార్చడం ఇది నాలుగోసారి.

పొద్దున్న ఎనిమిది కాకముందే పనివాళ్ళు మెత్తబాట వాలు మీది పలకలన్నీ ఊడదీసి గోడవారన పేర్చారు. నిరుడు వేసిన పలకలు. ఏ పలకకీ పగులు లేదు, జారుడు లేదు, ఎత్తుపల్లం లేదు. పైడితల్లి ఒక పలక అందుకుని బొటనవేలితో రుద్ది చూసింది. ముప్ఫై ఏళ్ళుగా ఆమె పని ఇదే. మనుషులు నడిచే చోట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, నిర్మాణ సంస్థ తరఫున సంతకం పెట్టడం. పలకలో తప్పు లేదని ఆమె వేలికి తెలుసు. నడకలు లెక్కగట్టే యంత్రం మాత్రం తప్పు నేలదే అంటోంది.

"ఇవేం చెయ్యమంటారు మేడం? కొత్తవాటిలానే ఉన్నాయి," అన్నాడు మేస్త్రీ.

"దాచి పెట్టండి. వచ్చే ఏడు మళ్ళీ ఇవే వేద్దురుగాని," అంది విసుగ్గా. మేస్త్రీ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఊరికి 'పంపకం' వచ్చి ఇరవై రెండేళ్ళు. అంతకు ముందు ఒక పద్నాలుగంతస్తుల మేడ అంటుకుంది. అందులో ఉన్నది ఒకటే మెట్లదారి. పరుగెత్తగలిగినవాళ్ళూ పరుగెత్తలేనివాళ్ళూ ఆ ఇరుకులో ఒకరి మీద ఒకరు పడ్డారు. మంటకి పోయినవాళ్ళు తక్కువ, తొక్కిసలాటకి పోయినవాళ్ళు డెబ్బై మంది. ఆ మీదట పంపకం లేని మేడ కట్టకూడదని చట్టం వచ్చింది. గుమ్మం ముందు నేలలో పరిచిన నడకపట్టీ మీద ఆరడుగులు వేస్తే చాలు. మోకాలి బిగువు, మడమ బరువు, ఊపిరి ఆయాసం అన్నీ చూసుకుని మనిషికి తగిన తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. కాళ్ళు బాగున్నవాళ్ళకి ఎడమ తలుపు, మెట్లబాట. బాగా లేనివాళ్ళకి, చూపు లేనివాళ్ళకి, చంటిపిల్లని ఎత్తుకున్నవాళ్ళకి కుడి తలుపు, మెత్తబాట. అందులో సన్నని వాలు, పట్టుకోవడానికి కమ్మీ, చివర నీటి బరువుతో నెమ్మదిగా లేచే లిఫ్టు ఉంటాయి. రెండు బాటలూ మేడకి ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి. అక్కడి పొగ ఇక్కడికి రాదు. అక్కడి మాట కూడా రాదు. ప్రతి ఇంటికీ రెండు వాకిళ్ళు.

ఏ సంస్థ మేడ కట్టినా మూడు తూకాల్లో నెగ్గాలి. పచ్చదనం, భద్రత, అందుబాటు. పంపకం మూడింటినీ ఒక్క దెబ్బతో నెగ్గించింది. ఎక్కగలిగినవాళ్ళు ఎక్కుతారు కనుక కరెంటు మిగిలింది. దారులు కలవవు కనుక తొక్కిసలాట పోయింది. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఎవరినీ బతిమాలకుండా తన గుమ్మం చేరుకుంది. ఇదంతా నిజమే. పైడితల్లి ఎన్నడూ కాదనలేదు. ఎలా కాదంటుంది? ఆ బాటల గీతలు గీసిన పన్నెండుమందిలో ఆమె ఒకతె.

ఒకటి మాత్రం జరిగింది. బజారు నుంచి, ఆస్పత్రి నుంచి, పెళ్ళి నుంచి కలిసి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర విడిపోవడం మొదలైంది. "పైన కలుద్దాం" అనేది ఊళ్ళో అందరి నోటా ఊతపదమైపోయింది. పిల్లలు ఆటల్లో కూడా అదే అనుకునేవారు.

ఇక సాగరమెట్ట గొడవ. పదకొండంతస్తుల మేడ. పన్నెండేళ్ళ కిందట ఇక్కడ చేరినప్పుడు చక్కగా నడిచినవాళ్ళలో రెండువందల పన్నెండు మంది ఇప్పుడు కుంటుతున్నారు. కుంటేవాళ్ళంతా నడిచేది మెత్తబాట మీద. కాబట్టి మెత్తబాట నేలే వాళ్ళ కాళ్ళు పాడుచేస్తోందని యంత్రం తేల్చింది. నేల మార్చారు. కుంటేవాళ్ళు పెరిగారు. మళ్ళీ మార్చారు. మళ్ళీ పెరిగారు.

చెవిపూసలో నిశాంత్ గొంతు వినిపించింది. అతనే ఆమె విభాగానికి పెద్ద. వయసులో ఆమెకి సగం. "పైడితల్లిగారూ, రేపే మేడ అనుమతి పత్రం తిరగరాయాలి. సాయంత్రం నాలుక్కి మీ నివేదిక పడకపోతే మెత్తబాట మూసెయ్యమంటారు. కారణం ఏదో ఒకటి ఖాయం చెయ్యండి."

"ఏదో ఒకటి అంటే?"

"ఫారంలో అయిదున్నాయి కదండీ. నేల, చెప్పు, వయసు, జబ్బు, మోసం. ఒకదాని మీద వేలు పెట్టండి చాలు."

ఆమె చెవిపూస తీసి కొంగున ముడేసుకుంది.

*

గుమ్మం పక్కన నడకపట్టీ తుడిచే దేవుడమ్మ తన ముక్కాలిపీట పైడితల్లి వైపు జరిపింది. "కూకో అమ్మా. నిలబడి సూస్తే మటుకు నేల నిజం సెప్తాదేటి?"

పైడితల్లి కూర్చుంది. బస్సు వచ్చి మలుపులో ఆగింది. ఒక ముసలామె, వెనకాల కూరల సంచీతో ఒక పాతికేళ్ళ అమ్మాయి దిగారు. అత్తాకోడళ్ళని మాటల్లోనే తెలిసిపోతోంది.

"పులుసులో అంత బెల్లం ఎవరు వెయ్యమన్నారు?"

"నేను వెయ్యలేదత్తయ్యా. మీరు రుచి చూసి మీరే వేశారు. అడగండి మీ అబ్బాయిని."

"వాడేం చెప్తాడు, నీ పక్షమేగా!"

అమ్మాయి చకచకా నడుస్తోంది, సంచీ ఊగుతోంది. పట్టీకి నాలుగడుగుల ముందు ఆమె నడుం ఒక పక్కకి ఒరిగింది. కుడికాలు బరువెక్కింది. సంచీ ఎడమచేతికి మారింది. ఒకటి, రెండు, మూడు... ఆరో అడుగుకి కుడి తలుపు అత్తకీ తెరుచుకుంది, కోడలికీ తెరుచుకుంది. లోపలికి పోతూ కూడా బెల్లం గొడవ ఆగలేదు.

పైడితల్లి అలాగే చూస్తుండిపోయింది. "దేవుడమ్మా, ఆ పిల్ల కాలికేమైంది?"

"ఏటీ కాలేదు. పట్టీ మీదే కుంటి. రోడ్డు మీద లేడిపిల్ల."

"ఆ ఒక్కతేనా?"

"ఒక్కర్తేటమ్మా! ఈ గుమ్మంకాడ సగంమంది అంతే. ముసిలోల్లతోటి, సంటిపిల్లల తల్లుల్తోటి, కళ్ళు అగపడనోల్లతోటి ఎల్లాలి గదా. ఈ తలుపు అవసరం ఉన్నోల్లనే రానిత్తాది. అందుకని ఆల్లూ కుంటుతారు."

"నీకు ముందే తెలుసా? నాలుగుసార్లు నేల తవ్వాం కదే తల్లీ! ఒక్కసారి చెప్పలేకపోయావా?"

దేవుడమ్మ గుడ్డ పిండుతూ అంది, "నన్నెవులడిగేరు? యంత్రాన్నడిగేరు. అది నేలంది. మీరు నేల తవ్వేరు. సదూకున్నోలు, ఏదో ఉంటాది లెమ్మనుకున్నాను."

పైడితల్లికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ముప్ఫై ఏళ్ళ చదువు, నాలుగు నేలలు. ఒక్క మనిషి కూడా ఈ గుమ్మం దగ్గర ఒక పూట కూర్చోలేదు. "ఇంత తేలిగ్గా పట్టీ ఎలా మోసపోయింది?"

"తేలిగ్గానా! మోకాలు వంచి కుంటితే ఇట్టే పట్టేత్తాది. నడుంకాడ్నించి కుంటాల. ఆరో అంతస్తు గవరయ్య మావ నేర్పుతాడు. పదకొండేళ్ళ నాడు పెళ్ళాం కోసరం ఆయనే మొదలెట్టేడు. ఇప్పుడు ఈ మేడంతటికీ మేస్టారు."

*

మధ్యాహ్నం మెత్తబాట లోపల లిఫ్టు ముందు పెద్ద వరస. బడి నుంచి తిరిగొచ్చిన టీచరు మెహరున్నీసా చక్రాల కుర్చీలో వెనకెక్కడో ఉంది. లిఫ్టు నిండిపోయి వెళ్ళింది. మళ్ళీ నిండిపోయి వెళ్ళింది. ముందున్న ఒకాయన "మీరు రండమ్మా ముందుకి" అని జరగబోతే ఆమె వద్దంది. పైడితల్లి మెళ్ళో సంస్థ బిళ్ళ చూసి కుర్చీ ఇటు తిప్పింది.

"మేడ కట్టింది మీరేనా? చూశారుగా, లిఫ్టు నిండిపోయి వెళ్ళడం ఇది మూడోసారి."

"వాళ్ళు జరుగుతామంటున్నారు కదమ్మా."

"జరుగుతారు. అందరూ మంచివాళ్ళే. కానీ నేను రోజూ ఒకరి మంచితనం మీద ఇంటికి పోవాలా? ఎవరినీ అడక్కుండా పోవచ్చనే కదా ఈ మేడలో చేరింది! వాళ్ళ ప్రేమలు వాళ్ళకి ఉండొచ్చు. అందుకు నా దారే దొరికిందా?"

ఆమె అన్న ప్రతి మాటా న్యాయమే. ఆ కోడలిదీ న్యాయమే. రెండు న్యాయాలూ పట్టేటంత వెడల్పు ఆ లిఫ్టుకి లేదు. దాని వెడల్పు నిర్ణయించిన కాగితం మీద పైడితల్లి సంతకం ఉంది.

బయటికొచ్చి చెవిపూస పెట్టుకుంది. ఉన్నదున్నట్టు చెప్పింది. అవతల నిశాంత్ ఊపిరి పీల్చుకున్నాడు. "అమ్మయ్య. మోసం అన్నమాట. అయితే తేలికేనండి. మీ పెట్టెలో ఎముకచూపు ఉంది కదా, మోకాలి మీద ఆనిస్తే చాలు. పచ్చచుక్క వస్తే దొంగకాలు, ఎర్రచుక్క వస్తే నిజం. పచ్చచుక్కల పేర్లు ఎక్కించండి. రేపట్నుంచి వాళ్ళకి కుడి తలుపు తెరుచుకోదు."

"నిశాంత్, అదొద్దు. ఫారంలో 'తోడు' అని ఒక్క గడి పెట్టండి. కాళ్ళు బాగాలేని మనిషి వెంట ఒకరు వెళ్ళొచ్చని రాయండి. అందుకు తగ్గట్టు లిఫ్టు వేద్దాం."

"పన్నెండువేల నీడమనుషుల్ని కంప్యూటర్లో నడిపించి ఈ మేడని పరీక్షించాం. మీరూ ఉన్నారుగా. ఒక్క నీడమనిషైనా ఇంకొకరి కోసం ఆగాడా?"

"వాళ్ళకి ఇంకొకరు లేరు కదయ్యా!"

నిశాంత్ మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "మోకాలికి తూకం ఉందండీ. ఊపిరికి ఉంది. తోడుకి తూకం ఎంతని వెయ్యమంటారు? తోడు పేరుతో అందరూ లిఫ్టెక్కితే పచ్చదనం తూకం పడిపోతుంది. మీరు ఇదివరకు మూడుసార్లు రాశారు. మూడుసార్లూ 'వర్తించదు' అని తిరిగొచ్చింది. నాలుగింటికల్లా జాబితా పంపండి."

వర్తించదు. ఆరేళ్ళుగా ఆ మాట ఆమెకి పళ్ళసందున ఇరుక్కున్న పీచులా ఉంది.

*

మూడున్నరకల్లా, రెండువందల పన్నెండు మందిలో ఆ పూట దొరికిన నలభైమందిని చూసింది. జనం వాలు మీద వరసగా నిలబడ్డారు. కొందరు తలొంచుకుని, కొందరు తమాషాగా నవ్వుతూ. మొదటిది ఎర్రచుక్క. రెండోదీ ఎర్రదే. ఎముకచూపు చెడిపోయిందేమోనని తన మోకాలి మీద ఆనించుకుంది. పచ్చచుక్క. మళ్ళీ వాళ్ళని చూసింది. ఎర్రది, ఎర్రది, ఎర్రది. తమ్ముడికి చూపు లేదని నాలుగేళ్ళుగా అతని పక్కన కుంటే అక్క, తండ్రి పక్కన ఏడేళ్ళుగా కుంటే పోస్టాఫీసు గుమాస్తా, అందరిదీ నిజంగానే అరిగిన మోకాలు, పక్కకి జారిన తుంటి. నలభైమందిలో ముప్ఫై ముగ్గురు. పచ్చచుక్కలు ఏడే ఏడు. అందులో పొద్దుటి కోడలు సింధూర ఒకతె. ఆమె కుంటడం మొదలుపెట్టి ఆర్నెల్లే అయిందట.

"జాబితాలో రాస్తారా అండీ?" అంది సింధూర. కళ్ళల్లో భయం, గొంతులో బింకం. "ఆవిడకి ఒంటరిగా లిఫ్టెక్కితే గుండె దడ. పైకి చెప్పదు. అందుకే ఏదో ఒక గొడవ పెట్టుకుని ఎక్కిస్తాను. గొడవలో ఉంటే దడ తెలీదు."

ముప్ఫై ముగ్గురి సంగతే పైడితల్లి తలలో తిరుగుతోంది. అబద్ధమని ఆడిన నడక మెల్లమెల్లగా ఎముకలోకి దిగిపోయింది. పన్నెండువేల నీడమనుషుల్లో ఒక్కడికీ ఇలా జరగలేదు. చట్టం ప్రకారం ఇవి నిజమైన కుంట్లే. ఇంతమందికి నిజంగా అవసరమైతే సంస్థ తొంభై రోజుల్లో రెండో లిఫ్టు వేసి తీరాలి. మెహరున్నీసా ఎవరినీ అడక్కుండా ఇంటికి పోతుంది. అది మేలే. అయినా ఇదేం మేలు, ముప్ఫైముగ్గురి మోకాళ్ళు పోసి కొన్నది!

ఆ నలభైమందిలో చివరికి వచ్చినవాడు గవరయ్య. డెబ్బై రెండేళ్ళు, చేతిలో దొండకాయల సంచీ. అడక్కుండానే పంచె మోకాలి పైకి లాగాడు. ఎర్రచుక్క, అందరికంటే ముదురుగా.

"నానెరుగుదును తల్లీ, అరిగిపోనాది. నా పెళ్ళాం నూకాలుకి నడుం జారిన కాడ్నించీ దాని పక్కన కుంటేను. మొదట్లో అది నవ్వేది. 'నీది పల్లకీ మోసేవోడి కుంటురా మావా, నా కుంటు సూసి నేర్సుకో' అనేది. అదే నేర్పింది నాకు."

"ఆవిడ..."

"పోయిన కార్తీకంలో ఎలిపోయింది." సంచీ చెయ్యి మార్చుకున్నాడు. "నీ దగ్గిర ఒక పని పడింది. నన్ను మళ్ళీ మెట్లబాటకి మార్సీయమ్మా."

"మెట్లెక్కలేవు బాబాయ్. ఆరంతస్తులు."

"ఎక్కుతాను, ఆగి ఆగి ఎక్కుతాను. తిన్నగా నడవాలని రోజూ సూస్తన్నాను. కాలు మాటినదు. పట్టీ ఎడం తలుపు తియ్యదు. లిఫ్టులో బల్ల మీద రెండు సోట్లున్నాయి సూడు. ఒక దాంట్లో కూకుంటే రెండోది కాలీగా ఉంటాది. ఆరో అంతస్తు దాకా దాన్నే సూడాల. మెట్ల మీదైతే ఏ సోటూ ఉండదు గదా."

పైడితల్లి గోడకి చెయ్యి ఆనించింది.

ఆ బల్ల గీసింది ఆమే. ఒకటి మనిషికి, ఒకటి సామానుకి. నకషాలో రెండో చోటు పక్కన తన చేత్తోనే 'సంచి' అని రాసింది. ఆరేళ్ళ కిందట ఒక బుధవారం, ఇలాంటి మరో మేడ గుమ్మం దగ్గర, అమ్మ గోంగూర కట్టల సంచీ పట్టుకుని కుడి తలుపులోకి పోయింది. "పైకి పోయి నీళ్ళు కాచవే" అంది. పైడితల్లి "పైన కలుద్దాం" అంది. మెట్లెక్కి, నీళ్ళు కాచి, రెండో వాకిలి తీసి గ్లాసు పట్టుకుని నిలబడింది. నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య అమ్మ గుండె ఆగిపోయింది. లిఫ్టుకి వెంటనే తెలిసింది. వెంటనే కిందికి దింపింది. కింద వైద్యులు సిద్ధంగా ఉన్నారు. నియమాల్లో ఒక్కటీ తప్పలేదు. నివేదికలో ఏ లోపమూ లేదు. అమ్మ పక్కన బల్ల మీద గోంగూర సంచీ ఉంది.

కుంటితే సరిపోయేది. నడుము దగ్గర్నుంచి ఆరడుగులు. ఈ మేడలో దొండకాయలు కొనుక్కునే మనిషికి తోచింది, బాటలు గీసిన తనకి తోచలేదు.

"మార్చడం నా చేతిలో లేదు బాబాయ్," అంది. ఎముకచూపు పెట్టెలో పెట్టేసి మళ్ళీ అంది, "పద, నేనూ వస్తాను పైదాకా."

"నిన్నది రానియ్యదు."

"నేర్పు మరి."

గవరయ్య ఆమెని ఎగాదిగా చూశాడు. బయటికి తీసుకెళ్ళి పట్టీకి పదడుగుల దూరంలో నిలబెట్టాడు. దేవుడమ్మ గుడ్డ వదిలేసి నడుం మీద చేతులు వేసుకుని చూస్తోంది. పైడితల్లి ఆరడుగులు వేసింది. ఎడమ తలుపు తెరుచుకుంది.

"అదేటి, కోడి కాలు కాలినట్టు!" అంది దేవుడమ్మ.

"నువ్వూరుకోయే. అమ్మా, మడమ ఆనించకు. బరువు తుంటిలోకి వదిలీ. మొకం బాధగా పెట్టకు, నిజంగా నొప్పున్నోలు మొకం దాసుకుంటారు."

రెండోసారి వేసింది. ఒకటి, రెండు, మూడు. తుంటిలో ఏదో కలుక్కుమంది. ఆరో అడుగుకి కుడి తలుపు తెరుచుకుంది. దేవుడమ్మ చప్పట్లు కొట్టింది.

లిఫ్టులో బల్ల ఇరుకు. గవరయ్య తన సంచీ తీసి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. పైడితల్లి రెండో చోట్లో కూర్చుంది. ఇరవై ఏళ్ళ కిందట తను గీసిన ఆ చోట్లో తను కూర్చోవడం ఇదే మొదలు. లిఫ్టు నీటి చప్పుడుతో మెల్లగా లేచింది. చేతిపలక మీద ఫారం వెలుగుతోంది. నాలుగింటికి ఇంకా రెండు నిమిషాలున్నాయి.

నిజమైన కుంటు: ముప్ఫై మూడు. సిఫారసు: రెండో లిఫ్టు. కారణం అన్నచోట అయిదు మాటలూ చదివి, ఏదీ నొక్కకుండా వదిలేసింది. ఒప్పుకోనంటూ యంత్రం మూడుసార్లు ఎర్రగా మెరిసింది. మెరవనీ అనుకుంది. మోసం చేసినవారి సంఖ్య అన్న గడి ఇంకా ఖాళీగా ఉంది. ఏడు అని వేస్తే ఈ ఉద్యోగం ఉంటుంది. ఆమె ఒకటి అని వేసింది. పేరు అన్నచోట తన పేరు రాసి, సంతకం పెట్టి, పంపేసింది.

మరుక్షణం కొంగుముడిలో చెవిపూస గుయ్యిమని మోగింది. ఆమె ముడి విప్పలేదు.

నాలుగో అంతస్తు దాటింది. పైడితల్లి ఊపిరి బిగబట్టింది. గవరయ్య ఆమె కేసి చూడకుండా, ఎదర గోడకేసే చూస్తూ అన్నాడు:

"రేపొచ్చినప్పుడు రెండో కాలితో కుంటమ్మా. రోజుకో కాలు మార్సుతుండాల. ఒకే కాలి మీద ఏస్తే నాలాగ అరిగిపోద్ది. నాకప్పుడు సెప్పినోలు లేరు."